మా మేడం ఆడిన అబద్ధం

మేడం పోయారని చందర్లపాడు నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు నందిగామలో, నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని రికార్డులు దిద్దుతున్నాను. అవతల అది ఏడుస్తోంది. "ముందు నీకే చెప్పాలనిపించిందే. ఆవిడకి నువ్వంటే ఎంత ఇదో నాకు తెలుసుగా," అంది.

ఆ మాట నిజమే. నాకూ ఆవిడంటే అంతే ఉండేది. మూడేళ్ళపాటు ఆవిడ నడిచినట్టు నడవాలని, ఆవిడ రాసినట్టు బోర్డు మీద రాయాలని చూశాను. ఇప్పటికీ నేను రాసే 'క' ఆవిడ రాసే 'క' లాగే ఉంటుంది. ఆవిడ ఇల్లు మా కాలేజీకి పది నిమిషాల నడక. సాయంత్రం దాకా ఉంచుతారని కూడా ఆ పిల్ల చెప్పింది. నేను వెళ్ళలేదు.

మేం చదివింది జగ్గయ్యపేటలో ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళు అయి ఉంటుంది. ఇప్పుడా కాలేజీ లేదు. కెమిస్ట్రీ ల్యాబ్ అంటే రేకుల కప్పు కింద ఒక పొడుగాటి గది. వేసవిలో బర్నర్ వెలిగించకముందే చెమటలు కారేవి. మేడం రోజూ నందిగామలో బస్సెక్కి వచ్చేవారు. మామూలు రోజుల్లో ఏ రంగు చీర కట్టినా, ప్రాక్టికల్స్ ఉన్న రోజు మాత్రం తెల్ల నేత చీరే. ఎందుకో మొదటి ఏడాది మాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. టెస్ట్‌ట్యూబులో రంగు లేతగా ఉంటే, దాన్ని తన కొంగు మీద ఆనించి చూసేవారు. "కాయితం కన్నా ఇదే నయం, ఎటు తిరిగినా నాతోపాటే ఉంటుంది," అనేవారు. ఆ కొంగు నిండా పసుపు చుక్కలు, ఊదా మరకలు, అక్కడక్కడా యాసిడ్ పడ్డ చిల్లులు.

మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కాదు, ఊళ్ళతో పిలిచేవారు. "పెనుగంచిప్రోలూ, మంట తగ్గించు. చందర్లపాడూ, ఆ బ్యూరెట్ కారుతోంది చూడు." నేను వత్సవాయిని. మా ఊరు నిజానికి వత్సవాయి కాదు, దాని పక్కన ఒక పల్లె. అది చెప్తే, "ఆ పేరుకి నాకు నోరు తిరగదు, మీ మండలమంతా నువ్వే అనుకో," అని నవ్వారు. మా నాన్న పత్తి చేలల్లో మందు కొట్టే కూలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మండలమంతా నువ్వే అని ఎవరైనా అంటే ఒళ్ళు ఎలా పొంగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మా చేతిలో పిపెట్ ఉన్నప్పుడు ఆవిడ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవారు. మా వణుకు చూస్తే సాయం చెయ్యాలనిపిస్తుందట. "నా చెయ్యి పడితే అది నా ప్రయోగం అవుతుంది, నీది కాదు," అనేవారు. రికార్డులో పెన్సిల్ వాడనిచ్చేవారు కాదు. తప్పు రాస్తే ఒక గీత గీసి పక్కన మళ్ళీ రాయాలి. ఒకసారి మా బల్ల మీద ముగ్గురం ఒకరిది చూసి ఒకరం ఒకే రీడింగ్ వేశాం. ఆవిడ మూడు రికార్డులూ పక్కపక్కన పెట్టి, మా ముగ్గుర్నీ చేతులు చాపమన్నారు. కొడతారనుకున్నాం. మా చేతుల వంక మార్చి మార్చి చూసి, "మూడూ వేరువేరుగానే ఉన్నాయే. మరి చుక్క తేడా లేకుండా ముగ్గురికీ ఒకటే ఎలా వచ్చిందమ్మా?" అన్నారు. మేం తలలు వంచుకున్నాం. "కనపడింది రాయండి. కనపడాలనుకున్నది రాయకండి. ఈ గదిలో నేను నేర్పేది ఇదొక్కటే. మిగతాదంతా పుస్తకంలో ఉంది."

మేం ఫైనలియర్‌లో ఉండగా, ఆ వేసవిలో ఆవిడ హైదరాబాదులో ఏదో ట్రైనింగుకి వెళ్ళొచ్చారు. వచ్చేటప్పుడు బ్యాగులో రెండు మూడు చిన్న సీసాలు తెచ్చారు. ఒకదాన్లో పసుపుపచ్చటి ద్రావణం. "ఇది బంగారం," అన్నారు. సిలబస్‌లో లేని పాఠం అది. బయోసెన్సర్ అంటే జీవపదార్థంతో విషాన్ని పసిగట్టే పరీక్షట, ఆ మాటే మాలో ఎవరం విని ఉండలేదు.

దానికి గాజు సామాను మామూలుగా కడిగితే చాలదు. రెండు యాసిడ్లు కలిపిన ద్రవరాజంతో కడగాలి, బంగారాన్ని కరిగించేది అదే. ఆ కడుగుడు ఆవిడ మాకెవరికీ ఇచ్చేవారు కాదు. తలుపు దగ్గర నిలబెట్టి, "దగ్గరికి రాకండి, మీ అమ్మలకి నేను జవాబు చెప్పలేను," అంటూ ముక్కుకి కొంగు కట్టుకుని తనే ఒక్కొక్క ట్యూబూ కడిగేవారు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు. వేలితో గాజు రుద్ది, కీచుమంటేనే స్టాండులో పెట్టేవారు.

పసుపు నీళ్ళు మరుగుతుంటే అందులో సిట్రేట్ ద్రావణం పోయించారు. పోసింది నేనే. పసుపు పోయి తెల్లబడింది, తర్వాత నల్లగా మసకేసింది. పాడుచేశాననుకుని ఆవిడ వంక చూశాను. ఆవిడ చేతులు వెనకే ఉన్నాయి. "ఆగు," అన్నారు. కాసేపటికి అది దానిమ్మ గింజ రంగుకి తిరిగింది. క్లాసంతా కేకలు పెట్టింది. బంగారం ఎర్రగా ఉంటుందని మాకెవరు చెప్పారు? అంత సన్నని రేణువులు విడివిడిగా తేలుతుంటే ఎరుపు, అవే గుంపు కడితే నీలం అని ఆవిడ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు.

ఇక రెండో భాగం. కోడి మెదడులో ఒక ఎంజైమ్ ఉంటుంది. మరో రసాయనంతో కలిపితే అది బంగారాన్ని గుంపు కట్టించి నీలంగా మారుస్తుంది. అదే మనం పరీక్షించే నీళ్ళలో పురుగుమందు ఉంటే ఎంజైమ్ చచ్చుబడిపోతుంది, రంగు మారదు, ఎర్రగానే ఉండిపోతుంది. అంటే నీలం వస్తే మంచిది, ఎరుపు మిగిలితే చెడ్డది. చికెన్ షాపు నుంచి మెదళ్ళు పెనుగంచిప్రోలు పిల్లాడు తెచ్చాడు. మేడం గుడ్డు కూడా ముట్టని మనిషి. అయినా మాచేత చేయించలేదు. ఐసు మీద కల్వం పెట్టుకుని తనే నూరారు. అయ్యాక చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, ఏమీ జరగనట్టు చాక్‌పీస్ అందుకున్నారు.

అప్పుడే నన్నడిగారు. "వత్సవాయీ, మీ నాన్నగారు మందు కొట్టి ఇంటికొచ్చిన రోజు ఆయన కంటిపాప ఎలా ఉంటుందో ఎప్పుడన్నా చూశావా?"

చూడకేం. "చుక్కంత అయిపోద్ది మేడం. వెలుతురు తగ్గినట్టుందంటాడు. నోట్లో నీళ్ళు ఊరతానే ఉంటాయి."

"ఈ ఎంజైమే మనిషి ఒంట్లోనూ ఉంటుంది. అది చచ్చుబడితే అలాగే అవుతుంది," అన్నారు. క్లాసు మొత్తం నావైపు తిరిగింది. నాకు సిగ్గనిపించలేదు. మా నాన్న గురించి ఒక పాఠంలో చెప్పారు, అదీ గారు పెట్టి. ఆ రోజు నుంచి ఆవిడ ఏం చెప్తే అది నాకు వేదవాక్కు.

తర్వాతి వారం ఎవరి ఊరి నీళ్ళు వాళ్ళని తెమ్మన్నారు. మా పల్లె తాగేది పత్తి చేల మధ్యనున్న బావి నీళ్ళు. బావి గట్టు మీదే డ్రమ్ముల్లో మందు కలుపుతారు, పంపులు కడుగుతారు. ఆ పొలం, బావి ఒక ఆసామివి. ఆయనకి జగ్గయ్యపేటలో పురుగుమందుల షాపు ఉంది. మా కాలేజీ కమిటీలో కూడా ఉన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

అందరి ట్యూబులూ నీలమయ్యాయి. నాది ఎర్రగా ఉండిపోయింది. మేడం తన కొంగు మీద ఆనించి చూశారు. మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ ఎరుపే. రెండు రోజుల తర్వాత కొత్తగా నీళ్ళు తెప్పించి, ట్యూబులు మళ్ళీ తనే కడిగి, మూడోసారి చేయించారు. ఎరుపే. నా రికార్డులో కింద సంతకం పెట్టి, తేదీ వేశారు.

"ఏం చెయ్యాలి మేడం?" అన్నాను.

"ఏం చెయ్యడమేంటి? కనపడిందిగా. మీ వాళ్ళకి చెప్పు. పెద్ద ల్యాబులో పరీక్ష చేయించేదాకా ఆ నీళ్ళు తాగొద్దను."

"నా మాట ఎవరు నమ్ముతారండి?"

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. మూడేళ్ళలో అదొక్కసారే. "నమ్మకపోతే నన్ను పిలువు. నేనొచ్చి చెప్తా."

ఆ మాట పట్టుకునే ఊళ్ళో నోరు విప్పాను. మొదట మా నాన్నతో, తర్వాత చర్చి దగ్గర ఆడవాళ్ళతో. మా మేడం సంతకం పెట్టిన రికార్డు చూపించాను. వాళ్ళకది చదవడం రాదు, కానీ సంతకం చూశారు. వారం రోజుల్లో పల్లెలో సగం మంది ఆ బావి మానేసి, మైలు దూరంలో ఉన్న బోరుకి బిందెలతో నడవడం మొదలుపెట్టారు. ఆసామికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చి కోప్పడలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "ఆ పిల్లకి చదువు చెప్పిన మేడమ్‌నే తీసుకొస్తా. ఆమె ఏం చెప్తే దానికి నేను కట్టుబడతా. మీరూ కట్టుబడండి. సరేనా?"

మా పెద్దలు సరేనన్నారు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. మేడం మా ఊరొస్తున్నారు! అమ్మ వాకిలి అలికింది. నేను పాస్టరుగారింటికి వెళ్ళి చేతుల కుర్చీ అడిగి తెచ్చి, చర్చి ముందు నీడలో వేయించాను.

మేడం ఆసామి కారులోనే దిగారు. ప్రాక్టికల్స్ రోజు కాదు కదా, ఆకుపచ్చ చీర కట్టుకున్నారు. నేను ఎదురెళ్ళి నమస్కారం పెట్టాను. ఆవిడ తల ఊపారు గాని నన్ను చూడలేదు. ఎండలో కళ్ళు చిట్లించుకున్నారనుకున్నాను. కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మాట్లాడారు.

"చూడండమ్మా, ఇది పిల్లలు నేర్చుకోడానికి చేసే ప్రయోగం. దీన్నిబట్టి నీళ్ళు మంచివో చెడ్డవో తేల్చలేం."

అది నిజమే. ఇప్పుడు నేనూ కెమిస్ట్రీ చెప్తున్నాను. ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదని నాకూ తెలుసు. అక్కడ ఆపేసి ఉంటే ఇన్నేళ్ళూ ఈ బరువు మోసేదాన్ని కాదు. ఆవిడ ఆపలేదు. ఎవరో ముసలామె, "మరి మా పిల్లదొక్కటే ఎందుకు ఎర్రగా వచ్చిందమ్మా?" అని అడిగింది.

మేడం చీర అంచు సర్దుకున్నారు. "ఆ అమ్మాయి ట్యూబులు సరిగా కడగలేదండి," అన్నారు.

ఆ అమ్మాయి. వత్సవాయి కూడా కాదు.

నేను నోరు తెరిచాను. ట్యూబులు కడిగేది మీరే కదా మేడం, మమ్మల్ని తలుపు దాటి రానివ్వరు కదా అని అరవాలనుకున్నాను. లెక్చరర్ ఎదురుగా నిలబడి నువ్వు చెప్పేది అబద్ధం అనడం నాకెవరూ నేర్పలేదు. ఈ లోపల ఆసామి నవ్వుతూ, "చిన్నపిల్ల, పోనీండి. చదువుకునే వయసు," అన్నాడు. జనం కూడా నవ్వారు. కాళ్ళు పీకేలా నడిచి నీళ్ళు మోసిన ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కారు వెళ్ళిపోయింది. జనం వెళ్ళాక కుర్చీ తీసుకెళ్ళి పాస్టరుగారింట్లో ఇచ్చొచ్చాను.

ఇంటికొస్తే నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఆమె మాట పక్కనపెట్టు. నువ్వు చెప్పు. కడిగావా, కడగలేదా?"

"కడిగేది నేను కాదు నాన్నా. ఆవిడే కడిగిద్ది. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ ఎరుపే."

నాన్న లేచి నిలబడ్డాడు. "అయితే మనం ఆ నీళ్ళు తాగం," అన్నాడు.

పల్లె అంతా మళ్ళీ బావికి వెళ్ళింది. మా ఇల్లు ఒక్కటే బోరు నీళ్ళు తాగింది. అమ్మ, నేను వంతులేసుకుని మోశాం. ఆసామి చేలో నాన్నకి పని పోయింది. ఎవరూ పోయిందని చెప్పలేదు, పిలవడం మానేశారంతే. రెండేళ్ళకి పల్లెకి పైపు నీళ్ళొచ్చాయి. తర్వాత బావి పూడ్చేశారు. ఆ నీళ్ళలో నిజంగా ఏముందో, ఎంతుందో ఇక ఎవరికీ తెలియదు. నేనే పొరపాటు పడి ఉండొచ్చు కూడా. కానీ పొరపాటు ట్యూబుల్లో మాత్రం లేదు.

మళ్ళీ కాలేజీకి వెళ్ళాక మేడం నాతో మాట్లాడారు. బ్యూరెట్ నింపమని, బీకర్ అందుకోమని, అంతవరకే. ఆ బంగారం పాఠం మళ్ళీ తియ్యలేదు. పబ్లిక్ ప్రాక్టికల్స్‌లో మేడం నాకు యాభైకి యాభై వేశారు. క్లాసులో ఇంకెవరికీ రాలేదు. నిజానికి ఆ రోజు బ్యూరెట్ ఆపడం ఆలస్యమై, రంగు మారాల్సిన ఎండ్ పాయింట్ దాటిపోయింది. కనపడింది కనపడినట్టే రాశాను. తప్పు రీడింగుకి పూర్తి మార్కులేంటో నాకర్థమైంది. ఆ మార్కుల కాయితం అమ్మ దేవుడి పటం వెనక దాచింది. నాకు మాత్రం దాన్ని చూస్తే చెంప మీద కొట్టినట్టుండేది.

తర్వాత చాలా ఏళ్ళు ఆవిడని కలవలేదు. ఎమ్మెస్సీ అయ్యి, నందిగామలో ఉద్యోగం వచ్చాక, ఒక ఆదివారం ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో బయటికి రావడం మానేశారని విన్నాను. తలుపు ఆవిడే తీశారు. ఒక్క క్షణం చూసి, "వత్సవాయీ!" అన్నారు.

అంత కోపంతో వెళ్ళినదాన్ని, ఆ పిలుపుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దానికి నా మీద నాకే కోపమొచ్చింది. ఆవిడ గోడ పట్టుకుని నడిచి కాఫీ పెట్టి తెచ్చారు. ఏ క్లాసులు చెప్తున్నావు, ల్యాబ్ బాగుందా, పిల్లలు కాపీ కొడుతున్నారా అని అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. ఆ తర్వాత అడిగేశాను.

"మేడం, ఆ రోజు ట్యూబులు ఎవరు కడిగారు?"

ఏ రోజు అని ఆవిడ అడగలేదు. గ్లాసు కింద పెట్టి, "నేనే," అన్నారు.

తనే చెప్పుకొచ్చారు. "ముందురోజు నన్ను ఆఫీసులోకి పిలిచారమ్మా. ఏడాదికోసారి కొత్త కాయితం ఇస్తేనే నా ఉద్యోగం. అప్పటికి మా ఆయన మంచంలో ఉన్నారు. నువ్వు చిన్నదానివి, నీకేం కాదులే అనుకున్నా."

"నన్ను పక్కకి పిలిచి నా వల్ల కాదమ్మా అనుంటే, నేనే ఊళ్ళో సర్దిచెప్పుకునేదాన్ని మేడం. మొదట అన్న మాట నిజమే. అక్కడితో ఆగొచ్చుగా? తప్పు నా మీదకెందుకు నెట్టారు?"

ఆవిడ మోకాళ్ళు రాసుకున్నారు. "మొదటి మాటకి వాళ్ళు కదల్లేదమ్మా. అందరూ ఇంకా నన్నే చూస్తున్నారు," అన్నారు.

నాకప్పుడు జాలేసింది. అది అబద్ధం కాదు. మంచంలో మనిషిని పెట్టుకుని, ఏడాదికోసారి కాయితం కోసం ఎదురుచూసిన మనిషి. నేనైనా ఏం చేసేదాన్నో ఏమో. అందుకే అడిగాను, క్షమించేద్దామనే అడిగాను.

"ఒక్కసారి మా ఊరొస్తారా మేడం? ఆటోలో నేనే తీసుకెళ్ళి నేనే దింపుతాను. ఈ మాట మా నాన్నతో అనండి చాలు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, ఎక్కడికీ రాలేడు. ఆ పక్కనే నలుగురు ముసలాళ్ళు కూర్చుంటారు. వాళ్ళు వింటే చాలు."

మేడం నా వంక చూశారు. అదే చూపు, కారు దిగినప్పటిది, నా మీద నుంచి ఎటో పోయేది.

"ఇప్పుడెందుకమ్మా అదంతా? ఆ బావి కూడా లేదుగా," అన్నారు.

వస్తానండి అని చెప్పి లేచాను. గేటు దాకా వచ్చి, "మళ్ళీ రా," అన్నారు. వస్తానన్నాను. వెళ్ళలేదు.

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకి చెప్పాను. గేదెకి జొన్న చొప్ప వేస్తున్నాడు. వణికే చేతుల్లోంచి సగం కిందే పడుతోంది. "మేడం ఒప్పుకున్నారు నాన్నా. ట్యూబులు కడిగింది తనేనని ఆవిడ నోటితోనే అన్నారు."

నాన్న చేతిలో చొప్ప పట్టుకుని ఆగాడు.

"ఎవరి ముందు?" అన్నాడు.

"నా ముందే."

నాన్న వంగాడు. కింద పడ్డ చొప్ప ఏరి మళ్ళీ గేదె ముందు వేశాడు.